పంటు మీద నేను పిలిచిన పేరు

హైస్కూలు గుమస్తాకి గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. పాఠం చెప్పడు, ఆటలు ఆడించడు. గంట కొట్టే పని కూడా వేరొకరిది. జెండా పండగనాడు ఫొటోలో ఏ మూలనో సగం చెవి కనిపిస్తుంది, అంతే. అయినా నాకు ఒక గొప్ప ఉండేది. ఇప్పుడు కొత్తగా ఆఫీసుల్లో చేరుతున్న పిల్లలకి, అంటే మీకు, దాని కథ చెప్పాలి. చివరికి దాని గతి ఏమైందో కూడా చెప్పాలి.

నా గొప్ప జ్ఞాపకశక్తి. రాజోలు వైపు ఒక ప్రభుత్వ హైస్కూల్లో చాలా ఏళ్లు పనిచేశాను. ఆ స్కూల్లో చేరిన ప్రతి పిల్లకీ, పిల్లాడికీ అడ్మిషన్ రిజిస్టరులో ఒక నంబరుంటుంది. ఆ నంబరు చెబితే ఇంటిపేరుతో సహా పేరు చెప్పేవాణ్ణి. మనిషి కనిపిస్తే పేరూ నంబరూ రెండూ చెప్పేవాణ్ణి. చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి, అదే అసలు జబ్బు. అమలాపురం బస్టాండులో, మురమళ్ళ గుడి క్యూలో, పెళ్లి పంక్తిలో సాంబారు గరిటె పట్టుకున్నవాడి ముందు, ఎక్కడైనా సరే గొంతెత్తి ఇంటిపేరు, పేరు, నంబరు చదివేసేవాణ్ణి. ఓసారి ఒక పెద్దమనిషి పెళ్లిచూపుల్లో అబ్బాయి వయసు మూడేళ్లు తగ్గించి చెబుతుంటే, నేను పక్కనే కూర్చుని వాడు ఆరో తరగతిలో ఏ ఏడాది చేరాడో చెప్పేశాను. ఆ సంబంధం తప్పిపోయింది. మా ఆవిడ ఆ తరవాత నన్ను పెళ్లిచూపులకి తీసుకెళ్లడం మానేసింది.

నాకు ఇంకో గొప్ప కూడా ఉండేది. నా రిజిస్టరులో ఒక్క కొట్టివేత ఉండదు, ఒక్క మరక ఉండదు. ఈ రెండు గొప్పలూ కలిపి ఒక అమ్మాయిని ఎంత ఏడిపించాయో ఇప్పుడు చెబుతాను.

ఆ అమ్మాయి తొమ్మిదో తరగతి చివర్లో నా కిటికీ దగ్గరకొచ్చింది. అమ్మాయి అని ఇప్పుడంటున్నాను. అప్పుడు అనలేదు. రిజిస్టరులో అబ్బాయి అనీ, ఒక అబ్బాయి పేరూ ఉన్నాయి. నిక్కరు మాని ప్యాంటు తొడిగే వయసు. చేతిలో తెల్లకాగితం. "పేరు మార్చుకోవాలండి. ఇది దరఖాస్తండి" అంది.

చదివాను. తను పుట్టినప్పటినుంచీ ఆడపిల్లననే అనుకుంటున్నాననీ, ఫలానా పేరు తన పేరనీ, స్కూలు రికార్డుల్లో అలా మార్చమనీ రాసి ఉంది. దస్తూరి ముత్యాల్లా ఉంది. ఏమనాలో తెలియనప్పుడు గుమస్తా చేసే పనే నేనూ చేశాను.

"మార్జినేదీ?" అన్నాను.

వెళ్లి మార్జిను కొట్టి తెచ్చింది. "విషయం అని పైన రాయాలి" అన్నాను. రాసి తెచ్చింది. "ద్వారా అని క్లాసు టీచరు గారి సంతకం ఉండాలి" అన్నాను. చేయించి తెచ్చింది. నాలుగోసారి తెచ్చిన కాగితంలో తప్పు పట్టడానికి నా సర్వీసంతా చాల్లేదు. ఆ నాలుగు రోజుల్లోనూ ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు ఆ పిల్ల.

"ఇప్పుడు ఎందుకమ్మా ఈ తొందర?" అన్నాను. అమ్మా అని ఎలా వచ్చిందో వచ్చింది. మన వైపు మగపిల్లల్ని కూడా అమ్మా అనే అంటాం, కాబట్టి అందులో నా ఘనత ఏమీ లేదు.

"వచ్చే ఏడు పదో తరగతండి. ఆ సర్టిఫికెట్ మీద పాత పేరు పడిపోతే, ఇంక ఎక్కడికెళ్లినా అదే చూపించాలి కదండీ. కాలేజీకండి, ఉద్యోగానికండి, బ్యాంకుకండి. ప్రతిచోటా మళ్లీ మొదట్నుంచీ చెప్పుకోవాలండి. అలాగైతే పరీక్షే రాయనండి నేను."

చెప్పిన తీరులో బెదిరింపేమీ లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది.

కాగితం తీసుకెళ్లి హెడ్మాస్టరు గారి ముందు పెట్టాను. ఆయన మంచివారే. కాని ఉత్తర్వు లేకుండా ఫ్యాను స్విచ్చి కూడా వేసేవారు కాదు. దరఖాస్తు రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడిచి, మూడోసారి చదివి, దాని మీద ఎర్ర సిరాతో "మాట్లాడండి" అని రాసి నా బల్ల మీదకి పంపారు. ఆయన బల్లకీ నా బల్లకీ మధ్య ఒక బీరువా ఉంది, అంతే. నేను లేచి వెళ్లి మాట్లాడాను. "ఫైలు పెట్టండి" అన్నారు. ఫైలు పెట్టాను. అందులో మళ్లీ "మాట్లాడండి" అని రాశారు. ఇలా ఒకే గదిలో ఇద్దరం నెలరోజులు ఉత్తరాలు రాసుకున్నాం.

చివరికి జిల్లా విద్యాశాఖ కార్యాలయం నుంచి జవాబొచ్చింది. కలెక్టరు గారి దగ్గర ట్రాన్స్‌జెండర్ గుర్తింపు ధ్రువపత్రం తీసుకుంటే మార్చవచ్చు, పిల్ల మైనరు కాబట్టి తల్లిదండ్రులు సంతకం చేసి దరఖాస్తు పెట్టాలి, పదో తరగతి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసేవాళ్ల పేర్ల జాబితా, పైకి వెళ్లకముందే ఇదంతా జరగాలి. హెడ్మాస్టరు గారు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారు. తర్వాత నన్ను పిలిచి గొంతు తగ్గించి, "విషయం గోప్యంగా ఉంచండి. పిల్ల సంగతి, జాగ్రత్త" అన్నారు.

"ఆయ్, అలాగేనండి" అన్నాను. ఆ మాట నేను ఎంత బాగా నిలబెట్టుకున్నానో వినండి.

అప్పటికి ఆ అమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది. ఒక ఆదివారం నరసాపురంలో మా బావమరిదింటికి బయలుదేరాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కాను. తెలియనివాళ్లకి చెబుతున్నాను, పంటు అంటే మనుషుల్నీ మోటారుసైకిళ్లనీ కొబ్బరి బస్తాల్నీ కలిపి గోదావరి దాటించే రేవు పడవ. ఆ రోజు కిక్కిరిసి ఉంది. నడి గోదాట్లోకి వచ్చాక అవతలి చివర ముగ్గురు ఆడపిల్లలు నిలబడి నవ్వుకుంటూ కనిపించారు. మధ్యలో పిల్ల పసుపు చుడీదారు, చెవులకి చిన్న జుంకాలు. ఎక్కడో చూసిన మొహం. నా బుర్రలో రిజిస్టరు పేజీలు తిరిగాయి, ఆగాయి, దొరికింది. దొరికాక నా నోరు నా చేతిలో ఉండదు కదా.

ఇంటిపేరుతో సహా పిలిచాను. పాత పేరు. "నాలుగు వేల మూడు వందల పదిహేడు" అని నంబరు కూడా చదివాను. ఇంజను చప్పుడుకి వినపడదేమోనని రెండోసారి ఇంకా గట్టిగా పిలిచాను.

పంటు మీదున్న వాళ్లంతా నన్ను చూశారు, నా చెయ్యి చూపించిన వైపు చూశారు, ఆ పిల్లని చూశారు, మళ్లీ పిల్లని చూశారు. ఒకాయన మోటారుసైకిలు మీద నుంచి లేచి నిలబడి మరీ చూశాడు. నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి నీళ్లవైపు తిరిగింది. రేవు వచ్చేదాకా అటే తిరిగి నిలబడింది. రేవులో అందరికంటే ముందు దిగి వెళ్లిపోయింది. నేను బావమరిదింట్లో పులస పులుసు వేసినా సరిగ్గా తినలేకపోయాను. ఇది నా జీవితంలో ఒక్కసారే జరిగింది.

సోమవారం ఆమె బడికి రాలేదు. మంగళవారం రాలేదు. శుక్రవారానికి హాజరుపట్టీలో గీతలు వరసగా నిలబడ్డాయి. నామినల్ రోల్ రోజులు దగ్గరపడుతున్నాయి. ఇంట్లోవాళ్ల సంతకాలు ఇంకా కాలేదు. వాళ్ల నాన్నకి రెండు కబుర్లు పంపినా ఆయన రాలేదు.

శనివారం నేనే ఫైలు చంకలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. మర్యాద మాత్రం తప్పలేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాను. అరవైకి దగ్గరపడుతున్న మనిషి పదిహేనేళ్ల పిల్లకి చెప్పాల్సిన మాట. ఆరు రోజులు ఆలస్యంగా చెప్పాను.

"మీరు కావాలని అనలేదని తెలుసండి. కాని అక్కడ దిగిపోడానికి కూడా లేదు కదండీ, నడి గోదాట్లో" అంది.

ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు. నేను తల దించుకుని, "నాన్నగారెక్కడ?" అన్నాను.

"తోటలోనండి. దింపు తీస్తున్నారండి."

వాళ్ల నాన్న కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపే పని చేస్తారు. వాళ్లమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని. పిల్ల నా వెనకే వచ్చింది. మేం వెళ్లేసరికి ఆయన తోటలోకెల్లా ఎత్తయిన చెట్టు మీదున్నారు. ఆకుల్లోంచి కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ఏవండీ, స్కూలు గుమస్తానండి" అని కేక వేశాను.

"పక్కకి జరగండి, గెల పడతాది" అని పైనుంచి జవాబొచ్చింది. జరిగాను. గెల పడింది.

"కిందకి రండి, సంతకం కావాలి."

"ఈ చెట్టయ్యేక వత్తానండి."

ఆ చెట్టయింది. దిగారు, దిగీ దిగకుండానే పక్క చెట్టెక్కేశారు. అది కూడా అయింది, మూడోది ఎక్కారు. మనిషి నన్ను తప్పించుకుంటున్నాడని అప్పటికి అర్థమైంది. హెడ్మాస్టరు గారి గోప్యం గుర్తొచ్చింది. కాని చెట్టు పైనున్న మనిషికి గోప్యంగా ఎలా చెబుతారో ఏ ఉత్తర్వులోనూ లేదు.

"మీ పిల్ల పేరు మార్చే దరఖాస్తండి" అని అరిచాను. "సంతకం పెట్టకపోతే పరీక్ష రాయదట."

అవతల కాయలు వలుస్తున్న నలుగురూ పని ఆపారు.

"అది మా నాన్న పేరండీ" అని పైనుంచి గొంతు వచ్చింది. కోపం లేదు, బాధ ఉంది. "ఆయన కాలం చేసిన ఏడే పుట్టేడండి ఈడు. ఆయన పేరు పెట్టుకున్నాం. ఇప్పుడు కొట్టేసుకోమంటే ఎలాగండి గుమస్తా గారూ?"

నేను అప్పటిదాకా ఇంత దూరం ఆలోచించలేదు. పేరంటే నాకు రిజిస్టరులో ఒక గడి. ఆయనకి తండ్రి.

వలుపు దగ్గరున్న ఒకావిడ నన్ను అడిగింది, "ఇంతకీ ఏం పేరు పెట్టుకుంటాదంటండి?"

ఫైలు విప్పి గట్టిగా చదివాను. పైన ఆకుల చప్పుడు ఆగిపోయింది. పడిపోతాడేమోనని భయమేసింది నాకు.

"అది మా అమ్మ పేరండీ" అన్నారు ఆయన.

పిల్ల చెట్టు మొదట్లోకి వెళ్లి పైకి చూసింది. "అవున్నాన్నా. తాతయ్య పేరు తీసేత్తే నీకు బాధేనని తెలుసు. అందుకే నాన్నమ్మది పెట్టుకున్నాను" అంది.

ఆయన దిగారు. ఈసారి ఇంకో చెట్టు వైపు చూడలేదు. నా ముందు నిలబడి తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నారు. "మా అమ్మ పేరని ఎవరూ చెప్పలేదండి నాకు" అన్నారు. తర్వాత కూతురి వంక చూసి, "అయితే ఇప్పుడు కూడా నిన్ను తిట్టడానికి లేదన్నమాట" అన్నారు. పెద్దవాళ్ల పేరు పెట్టుకున్న పిల్లల్ని ఆ పేరుతో తిట్టరు, మన ఇళ్లలో అది మీకూ తెలిసిందే.

కలం ఇచ్చాను. ఆయన చేతినిండా పచ్చికొబ్బరి పీచు రసం. నా ఫైలు మీద, సంతకం పక్కన, బొటనవేలంత గోధుమరంగు మరక పడింది. ఇంకెవరైనా అయితే ఆ కాగితం మళ్లీ రాయించేవాణ్ణి. ఊరుకున్నాను. తర్వాత హెడ్మాస్టరు గారు ఆ మరక చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి "మాట్లాడండి" అని రాశారు, అది వేరే సంగతి.

ఇక తల్లి ఒప్పుకోవాలి. ఆ తోటలోనే పిల్ల ఫోను కలిపి నా చేతికిచ్చింది. అవతల గిన్నెల చప్పుడు.

"చెప్పండి గుమస్తా గారండీ. మా మేడం వచ్చేలోపు తొందరగా చెప్పెయ్యండి."

చెప్పాను. ఆవిడ అంతా విని, "మా పిల్ల సంగతి నాకెప్పుడో తెలుసండి. చిన్నప్పట్నుంచి నా చీర కొంగులోనే ఉండేది. పేరు మార్చడానికి నాకేం అడ్డం లేదండి" అంది. హమ్మయ్య అనుకున్నాను. "కాని మా అత్తగారి పేరేంటండీ మరీ? ఊళ్లో ఇన్ని పేర్లుండగా?"

భర్తగారు వెంటనే కొబ్బరి చెట్ల మొవ్వుల కేసి చూడటం మొదలుపెట్టారు.

"ఉన్నన్నాళ్లూ నా పులుసులో ఉప్పుకి వంకలే పెట్టేరండి ఆవిడ. ఇప్పుడు నా బిడ్డ సర్టిఫికెట్ మీద కూడా ఆవిడేనాండి? పైగా అత్తగారి పేరు నా నోట పలకకూడదు కదండీ. మరి నా పిల్లని నేను ఏమని పిలుచుకోనండి?"

రెండు దేశాల చట్టాలు కలిపి చదివినా ఈ ప్రశ్నకి జవాబు దొరకదు. నేను ఫైల్లో పేజీలు తిరగేశాను. అందులోనూ లేదు. పిల్ల ఫోను నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, నువ్వు నన్ను అమ్మలూ అని పిలు. ఆ పేరు కాయితాల మీద ఉంటాది, అంతే."

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ గొంతు చిన్నగా వచ్చింది. "అమ్మలూ, అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా" అంది పిల్ల. తినలేదని నాకు తెలుసు. నేను అటు తిరిగి ముక్కు చీదుకున్నాను. వలుపు దగ్గరివాళ్లు నన్ను చూసి నవ్వారు, నవ్వనీ.

ఆవిడ సంతకం కాగితం ఫోనులో వచ్చింది. అమలాపురం కలెక్టరాఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. అక్కడి అధికారిణి చిన్న వయసు మనిషి. దరఖాస్తులో మార్జిను ఉందో లేదో చూడను కూడా లేదు. నామినల్ రోల్ గడువుకి తొమ్మిది రోజుల ముందు ధ్రువపత్రం చేతికొచ్చింది. నా రిజిస్టరు తీశాను. కొట్టివేత ఎరుగని ఆ పేజీలో స్కేలు పెట్టి, పాత పేరు మీద ఎర్ర గీత కొట్టి, పైన కొత్త పేరు రాశాను. కింద హెడ్మాస్టరు గారు పొట్టి సంతకం పెట్టారు.

పేర్లు పైకి పంపేముందు జాబితా క్లాసులో చదివి వినిపించాలి. మళ్లీ పంటు కథ జరక్కూడదని వారంరోజులు సాధన చేశాను. స్నానం చేస్తూ, సైకిలు తొక్కుతూ, పడుకుంటూ ఆ కొత్త పేరే గొణుక్కున్నాను. మూడో రోజు మా ఆవిడ కాఫీ గ్లాసు బల్ల మీద గట్టిగా పెట్టి, "ఎవరండీ ఆవిడ?" అని అడిగింది. "పదో తరగతి" అన్నాను. అది ఇంకా చెడ్డగా వినపడింది. ధ్రువపత్రం నకలు చూపించేదాకా నాకు రెండో గ్లాసు కాఫీ దొరకలేదు.

క్లాసులో చదువుతూ ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి, ఇంత సాధనా చేసి, నాలుక అంగిట్లో ఇరుక్కుంది. పాతది తోసుకొస్తోంది, నేను పళ్లు బిగించి ఆపుతున్నాను. పిల్లలందరూ చూస్తున్నారు. ఆ అమ్మాయి మూడో బెంచీలో తల వంచుకుంది.

వెనక బెంచీలోంచి ఒకమ్మాయి ఆ కొత్త పేరు పలికి, "అదేనండి, చదివెయ్యండి. మేం ఏడో క్లాసునుంచీ అలాగే పిలుస్తున్నామండి" అంది.

ఏడో క్లాసు నుంచీ అట. నా రిజిస్టరూ, హెడ్మాస్టరు గారి ఎర్ర సిరా, పై ఆఫీసు జవాబూ, ఇవన్నీ కలిసి ఆ పిల్లలకంటే మూడేళ్లు ఆలస్యంగా బయలుదేరాయన్నమాట. చదివాను. "ప్రెజెంటండి" అంది ఆ అమ్మాయి, నేను చదివేది హాజరుపట్టీ కాకపోయినా. పరీక్ష రాసింది, పాసయింది. సర్టిఫికెట్ నా చేత్తోనే ఇచ్చాను. పేరు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదువుకుని, మడత పెట్టకుండా రెండు అట్టల మధ్య పెట్టుకుని వెళ్లింది.

రెండేళ్ల తరవాత నేను రిటైరయ్యాను. సన్మాన సభ పెట్టారు. శాలువా కప్పారు, ఉపన్యాసాలు ఇచ్చారు. తరవాత ఎవరో నా పాత ఆట ఆడించమన్నారు. కొత్తగా వచ్చిన లెక్కల మాస్టారు రిజిస్టర్లు ముందేసుకుని సరిచూడటానికి కూర్చున్నారు. సభలోంచి నంబర్లు కేకేస్తున్నారు, నేను పేర్లు చెబుతున్నాను. ఇరవై దాటాయి, ఒక్కటి తప్పలేదు. శాలువా కింద నా ఛాతీ పొంగిపోతోంది.

"నాలుగు వేల మూడు వందల పదిహేడు" అన్నారెవరో వెనకనుంచి. తెలిసి అన్నదేమీ కాదు, నోటికొచ్చిన నంబరు.

పేరు చెప్పాను. ఆమె నాలుగో వరసలో కూర్చుని ఉంది, కాలేజీ బ్యాగుతో. చప్పట్లు కొట్టారు.

లెక్కల మాస్టారు పేజీ మీద వేలు పెట్టుకుని మైకు దగ్గరికి జరిగారు. పాపం ఆయనకేమీ తెలియదు. "ఇక్కడ రెండు పేర్లున్నాయండి. గీత కొట్టింది ఇంకోటి ఉంది. అది కూడా చెబితేనే మార్కు" అన్నారు నవ్వుతూ.

సభంతా నా నోటికేసి చూసింది. నాలుగో వరసలో ఆమె కిటికీ వైపు తిరిగింది, ఆ రోజు నీళ్లవైపు తిరిగినట్టే. ఆ పేరు నా నాలుక చివరే ఉంది. సర్వీసంతా ఒక్కటి తప్పలేదు నేను.

"గుర్తులేదండి" అన్నాను.

ఒక్క క్షణం ఎవరూ నమ్మలేదు. తరవాత పెద్ద నవ్వు. "అయ్యో, ఆఖర్లో పోయింది" అన్నారెవరో. లెక్కల మాస్టారు జవాబు చదివి వినిపించడానికి గొంతు సవరించుకున్నారు. అంతలో హెడ్మాస్టరు గారు లేచి వచ్చి, ఆయన చేతికిందనుంచి రిజిస్టరు లాగి, టప్పున మూసేసి, చంకలో పెట్టుకున్నారు. పైనుంచి ఉత్తర్వు లేకుండా ఆయన చేసిన పని నేను చూసింది అదొక్కటే. "తరవాతి నంబరు" అన్నారు మైకులో.

సభ అయ్యాక ఆమె దండ తీసుకొచ్చి నా మెడలో వేసింది. పక్కన ఎవరూ లేకుండా చూసి అడిగింది.

"నిజంగా మర్చిపోయేరాండీ?"

"దేన్నమ్మా?" అన్నాను.

నా మొహంలోకి కాసేపు చూసింది. తరవాత నవ్వింది. "ఆయ్, ఏం లేదండి" అంది.